బొట్టు పెట్టిన రికవరీ డిస్కులు

మా అమ్మ నెత్తిన ఒక నింద ఉంది. అది నాది. వేసింది నాన్న, నోరు మూసుకున్నది నేను. ఈ రెంటికీ తేడా ఏమైనా ఉందా అని ఏళ్ల తరబడి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. లేదు. ఇక మోయలేను, మీకు చెప్పేస్తాను.

నేను డిప్లొమాలో చేరినప్పుడు నాన్న లాప్‌టాప్ కొన్నారు. అది మొరాయిస్తే మళ్లీ మొదటిలా చేసే రికవరీ డిస్కులు పెట్టెలో రావనీ, మనమే ముందుగా తయారుచేసి దాచుకోవాలనీ షాపతను చెప్పాడు. నాన్న ఖాళీ డిస్కులు కూడా కొని నా చేతిలో పెట్టారు. కూర్చున్నాను. ఎంతకీ అవదే! విసుగొచ్చి ఆపేశాను. అంతా లాప్‌టాప్ లోపలే ఉండగా ఇవెందుకు, దండగ అనుకున్నాను. వాటి మీద మార్కరుతో 'రికవరీ' అని రాసి, అయిపోయిందని నాన్నకు చెప్పాను. ఏం తెలివి!

విశ్వకర్మ పూజకి మేముండే ఫ్యాక్టరీల ఊరు బారిడీహ్‌లో ఎవరి పనిముట్లకు వాళ్లు బొట్లు పెట్టుకుంటారు. నాన్న డ్యూటీ హెల్మెట్‌కి, స్కూటర్‌కి, లాప్‌టాప్‌కి అమ్మ పెట్టింది. డిస్కులనూ వదల్లేదు. లాప్‌టాప్ చదివే మెరిసే వైపే పెట్టింది.

కొన్నాళ్లకు హార్డ్ డిస్క్ పోయింది. లోపల ఉన్నదంతా దాంతోనే పోయింది. నేనే డిస్కులు పట్టుకుని షాపుకి వెళ్లాను. అతను బొట్లు తుడిచి, తన కంప్యూటర్‌లో పెట్టి చూసి, ఖాళీవని నవ్వాడు. ఇంటికొచ్చి పనిచెయ్యలేదని మాత్రం చెప్పాను. నాన్న వాటిని తిప్పి, ఇంకా మిగిలిన ఎర్ర మరకలు చూసి అమ్మ మీద విరుచుకుపడ్డారు.

"ఏటే, వీటికీ బొట్టెట్టేవా? బుద్ధుందా నీకు? మొత్తం పాడు సేసేవు!"

"అన్నిటికీ ఎట్టినట్టే ఎట్టేను. ఇలాగవుద్దని నాకేటి తెలుసు?"

అప్పటికి అమ్మ ఆ లాప్‌టాప్ మీద తెలుగు టైపింగ్ నేర్చుకుంటోంది. తన పేరు తనే కొట్టుకుని మురిసిపోయేది. ఆ రోజుతో మానేసింది. ఇప్పటికీ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టాలన్నా నన్నే పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఏమిటి నా భయం? నా బద్ధకం బయటపడుతుందనా? ఆ కాస్త దానికి, చురుకైన మనిషిని తన చేతులంటే తనే జంకేలా చేశానా?

ఇవాళ పొద్దున్న చెప్పేశాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. విని, తీయడం ఆపేసింది. ఒక్కటే అడిగింది.

"ఆయన తిడతంటే నువ్వక్కడే ఉన్నావు గదా?"

"ఉన్నానమ్మా."

ఆ ఒక్క మాటా నోట్లోంచి వచ్చాక నాకు ఊపిరాడింది. ఆమె మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం నాకేదీ? నాన్న డ్యూటీ దిగి రాగానే ఆమె ఎదుటే ఆయనకు చెబుతాను. తిడతారు. ఈసారి ఆ తిట్లు నేను తింటాను.