మూడక్షరాల టీవీ

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ పరిశోధన చేస్తూ తార్నాకలో అద్దెగదిలో ఉండేవాణ్ణి. అప్పటికి హైదరాబాదులో టీవీ ప్రసారాలే లేవు. అయినా మా ల్యాబ్‌కి ఎలాగో ఒక టీవీ పెట్టె వచ్చింది. మా ప్రొఫెసర్‌గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"బొమ్మలు ఎవరైనా చూపిస్తారు. మనం అక్షరాలు చూపిద్దాం. రేపు బస్సు వేళలూ, వాన కబురూ, పరీక్షా ఫలితాలూ జనం ఇంట్లో కూర్చుని టీవీలోనే చదువుకుంటారు" అన్నారు.

తెర మీద అక్షరమంటే వెలిగే చుక్కల వరస. మా పద్ధతిలో ప్రతి చుక్కకీ డయోడు అనే గింజంత ఎలక్ట్రానిక్ భాగం ఒకటి కావాలి. నాలుగు నెలలు వేళ్ళు కాల్చుకుంటూ సోల్డరింగ్ చేశాను. స్టోర్స్‌లో ఉన్న డయోడ్లన్నీ ఊడ్చి తెచ్చినా మూడు ఇంగ్లీషు అక్షరాలే అయ్యాయి: టి, ఇ, ఎ. మూడూ కలిపితే టీ, అంటే చాయ్.

పెద్దలు ల్యాబ్ చూడ్డానికి వచ్చిన రోజున టీవీని హాలు గుమ్మంలో పెట్టాం. మాట వెలిగింది. నా గుండె పొంగింది. వచ్చినవాళ్ళు చదివి, సంతోషంగా తలలూపి, నేరుగా క్యాంటీన్‌కి వెళ్ళి కూర్చున్నారు.

కాసేపటికి క్యాంటీన్ నడిపే ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్ గిది! మీ డబ్బాల చాయ్ అని రాసిండ్రంట! గాడ అందరొచ్చి కూసున్నరు. నా తాన పాలు లెవ్వు!"

"మాట మార్చవయ్యా" అన్నారు ప్రొఫెసర్‌గారు నాతో.

ఉన్నవి మూడే అక్షరాలు. తీగలు అటూ ఇటూ మార్చాను. ఈసారి ‘ఈట్’ అని వచ్చింది, అంటే తినండి. హాల్లో మిగిలినవాళ్ళూ లేచి వెళ్ళారు. చెమటలు కక్కుతూ మళ్ళీ మార్చాను. ‘ఏట్’, అంటే తిన్నారు. అప్పుడే వచ్చిన ముఖ్య అతిథి అది చదివి, తన కోసం ఆగకుండా అంతా కానిచ్చేశారనుకుని, చిన్నబుచ్చుకుని కారెక్కి వెళ్ళిపోయారు.

"చూశావా, టీవీలో రాస్తే జనం నమ్ముతారు!" ప్రొఫెసర్‌గారి మొహం వెలిగిపోతోంది. "నాలుగో అక్షరం మొదలుపెట్టు."

సాయంత్రం నా అద్దెగది యజమానురాలు అడిగింది. "ఇన్నొద్దులు గాడ ఏం చేసినవ్ బిడ్డా?"

"టీవీలో మూడక్షరాలు రాశానమ్మా."

"మూడేనా? మా మనవరాలు వారంల అచ్చులన్నీ నేర్చింది" అని జాలిగా చూసి, పళ్ళెంలో సర్వపిండి పెట్టి ఇచ్చింది.

నేను చదువు ముగించి వెళ్ళేదాకా స్టోర్స్‌కి కొత్త డయోడ్లు రానేలేదు.