నీళ్ళ మీద వెళ్ళిన ఎదెల్మిరా ఇల్లు

"నేల నాది, ఇల్లు నీది. నీ ఇల్లు నువ్వు తీసుకుపో అమ్మాయ్" అన్నాడు బెలిసారియో. మరదలు ఎదెల్మిరా వంటింట్లో, ఆమె పొయ్యి పక్కనే కూర్చుని, ఆమె సొరబుర్రలో పోసిచ్చిన మాతే ఆకు కషాయం తాగుతూనే అన్నాడు.

ఇంకో చోటైతే అది ఎగతాళి మాట. మా మెలిన్కావ్ దీవిలో కాదు. ఇక్కడి ఇళ్ళు కొయ్యవి. గుంజల మీద కూర్చుని ఉంటాయి. అన్నదమ్ములు వేరుపడినా, గట్టును సముద్రం కోసుకుపోయినా ఇంటిని గుంజల మీంచి దించి, దుంగల మీదికెక్కించి, ఎడ్లు కట్టి లాక్కుపోతారు. మధ్యలో నీళ్ళు అడ్డమొస్తే పోటు మీద తేల్చి, లాంచీకి కట్టి అవతలి దీవికి చేరుస్తారు.

అందుకే ఎదెల్మిరా ఏడవలేదు, తిట్టలేదు. "ఎప్పటికి బావగారూ?" అని మాత్రం అడిగింది.

"పున్నమి పోటుకి అయితే మంచిది. ఆ తర్వాత వాళ్ళొచ్చి షెడ్డు వేసుకుంటారట."

వాళ్ళంటే చేపల పెంపకం కంపెనీ వాళ్ళు. ఆ ఒడ్డు ఎవరిదని అంతకుముందు ఎవరూ అడగలేదు. మామగారి పేరున ఉండేది, ఆయన పోయాక అందరూ ఉంటూ వచ్చారు. కొనేవాడు వచ్చాకే అది బెలిసారియోదని తేలింది. ఆయన మోకాళ్ళు పోయాయి, దుంపలు తవ్వలేడు. ఆయన లెక్క ఆయనది.

"సరే. ఇంకొంచెం పోయనా?" అని సొరబుర్ర అందుకుంది ఎదెల్మిరా.

ఆ రోజు సాయంత్రమే పొరుగునున్న నా దగ్గరికొచ్చి గుమ్మంలో కూలబడింది. "ఇల్లు అక్కడే వదిలేసి పోదామనిపిస్తోందే" అంది. "తీసుకుపొమ్మన్నాడు సరే. తీసుకుపోవడానికి ఒంట్లో ఏముందని?"

ఆ మాటలో అబద్ధం లేదు. మా దీవిలో ఆడదాని బతుకంతా మోతే. ఊట దగ్గర్నుంచి నీళ్ళు, ఒడ్డు నుంచి తడి నాచు, చేను నుంచి దుంపల బస్తాలు. మొగుడు రోసమెల్‌కి దగ్గు పట్టాక ఆయన్ని కూడా మోసింది. పట్నం ఆసుపత్రికి లాంచీలో బయలుదేరడం, సగం దారిలో గాలి తిరిగితే వెనక్కి రావడం, మళ్ళీ లాంచీ ఎప్పుడొస్తుందా అని రేవులో గొంగళి కప్పుకుని కూర్చోవడం. చివరిసారి వెళ్ళినప్పుడు మాత్రం గాలి అనుకూలించింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన పెట్టెలో వచ్చాడు. ఆ ఇంటి పలకలు ఆయన చెక్కినవి. ఒక్కో పలక కింది అంచు చేప పొలుసులా గుండ్రంగా ఉంటుంది. అందుకే వదిలేస్తానంది గాని వదల్లేదు. దీవుల మధ్య సముద్రపు కాలువకు అవతల, ఉయార్ దీవిలో తల్లి ఇచ్చిపోయిన గుంటెడు నేల, నాలుగు ఆపిల్ చెట్లు ఉన్నాయి. ఇల్లు అక్కడికి పోవాలి.

ఇల్లు కదలాలంటే ముందు వేడుకోలుకు వెళ్ళాలి. ఇది ఇంకొకరు చేసే పని కాదు. ఇంటివాళ్ళే గడప గడపకూ వెళ్ళి కూర్చోవాలి, పోసింది తాగాలి, వాన గురించీ దుంపల తెగులు గురించీ మాట్లాడాలి, ఆఖర్న అడగాలి. అలా అడిగితే ఒంట్లో బాగోనివాళ్ళు తప్ప ఎవరూ కాదనరు. కూలి ఉండదు. ఆ రోజు కడుపునిండా పెట్టాలి, రేపు వాళ్ళు పిలిస్తే వెళ్ళాలి. గడపలో నిలబడి అడిగినవాళ్ళ పనికి మాత్రం ఎవరూ రారు.

ఎదెల్మిరా కొండ ఎక్కి, దిగి, ప్రతి ఇంటా కూర్చుంది. బెలిసారియో ఇంటికీ వెళ్ళింది.

"పొమ్మన్నదీ నేనే, లాగాల్సిందీ నేనేనా?" అన్నాడాయన.

"దీవిలో పెద్ద జత మీదే కదా బావగారూ. మీ ఎడ్లు రాకపోతే నేనిక్కడే ఉంటాను మరి, మీ ఇష్టం."

ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు. "వస్తాలే, వస్తాలే."

ఒక్క ఇంటికి మాత్రం వెళ్ళలేదు. బౌదిలియో ఇంటికి.

బౌదిలియో కొండ మలుపులో ఉండే ఒంటరి మనిషి. పెళ్ళి లేదు. ఉన్నవల్లా రెండు ఎడ్లు, క్లావెల్, లుసేరో. మొన్నటి చలికాలం వానల్లో కుడివైపు కాడి మోసే క్లావెల్ గట్టు మీంచి జారి రాళ్ళ మీద పడి చచ్చిపోయింది. లుసేరో దాపటి ఎద్దు, అంటే ఎడమవైపుదే. చిన్నప్పటి నుంచి ఏ పక్కన మరిగితే ఆ పక్కనే లాగుతుంది ఎద్దు. జత పోతే మిగిలింది ఊరికే మేసే గొడ్డే. బౌదిలియో కూడా అలాగే అయిపోయాడు. ఎవరి దున్నకాలకీ రాలేదు, ఆదివారం ప్రార్థనకీ రాలేదు.

"జత లేని మనిషిని జత అడిగితే ఎంత కష్టం?" అంది ఎదెల్మిరా నాతో. "కంచె దగ్గర కనబడ్డాడు. టోపీ తీశాడు. ఊరికే పలకరించి వచ్చేశాను."

నాకూ అది మర్యాదగానే తోచింది.

పున్నమి నాటి పొద్దున ఆటు బాగా తీసింది. నీళ్ళు ఎక్కడో దూరాన సీసపు రేకులా ఉన్నాయి. పొయ్యి, మంచం, కిటికీ అద్దాలు అప్పటికే దింపేశారు. లోపల అడ్డ దూలాలు బిగించి, చుట్టూ ఖాళీ పీపాలు కట్టారు. మేం ఆడవాళ్ళం గోతిలో రాళ్ళు కాల్చి, ఆలిచిప్పలూ పందిమాంసమూ దుంపలూ పేర్చి, పెద్ద పెద్ద ఆకులు కప్పాం. తురిమిన దుంపతో చేసే మిల్కావ్ రొట్టెలు తడుతూ కూర్చున్నాను నేను.

లాంచీ యజమాని ఓనోఫ్రే నోరు ఊరుకోదు. "వదినా, ఇంట్లో పిల్లినన్నా దింపావా?"

"పిల్లికి నాకంటే బుద్ధి ఎక్కువ. నిన్ననే లేచిపోయింది."

"మరి మా రోసమెల్? చచ్చినవాళ్ళు దిగకపోతే ఇల్లు బరువంటారు."

ఎదెల్మిరా గోడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. "నువ్వు దిగకు, రావాలి. కాళ్ళు మాత్రం కాస్త పైకెత్తుకుని కూర్చో" అంది గోడతో. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది.

కాడి వెనక కాడి కట్టి, "హా! హా!" అని అదిలిస్తే ఇల్లు మూలిగి కదిలింది. గడ్డి మీద బాగానే జారింది. గులకరాళ్ళ మీదా జారింది. నీళ్ళు బాగా లోతుకొచ్చే చోటికి ఇంకాస్త దూరం ఉందనగా, ఊటనీళ్ళు నాని బంకమట్టి అయిన చోట ముందు దుంగ దిగబడింది. అదే సమయానికి బెలిసారియో దాపటి ఎద్దు ఆలిచిప్పల మీద కాలేసింది. గిట్ట చీలి రక్తం కారింది. అది కాలు మోపనంది. అంత పెద్ద జత సగం అయిపోయింది.

మిగిలిన జతలు లాగాయి. మోకులు గిటారు తీగల్లా బిగిశాయి. మగవాళ్ళు భుజాలు పెట్టారు. ఇల్లు కదల్లేదు. సముద్రం వైపు చూస్తే పోటు మొదలైంది, నాచు మీదికి నీళ్ళు నాకుతూ వస్తున్నాయి.

"ఇక్కడే ఉంటే మోకాలిలోతు నీళ్ళొస్తాయి, ఇల్లు తేలదు. తడిసి కూర్చుంటుంది" అని లాంచీలోంచి అరిచాడు ఓనోఫ్రే. "మళ్ళీ పెద్ద పోటు వచ్చేసరికి అలలు దీన్ని పొయ్యిలో పుల్లలు చేస్తాయి!"

"దాపటి ఎద్దు కావాలి" అన్నాడు బెలిసారియో. నాది నీది అన్న గొంతు కాదది.

అందరి తలలూ కొండ మలుపు వైపు తిరిగాయి. బౌదిలియో పొగగొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దుట్నుంచి మా కేకలన్నీ విని ఉంటాడు.

"ఎవరైనా పరిగెత్తండి!"

"అడగని ఇంటికి ఏ మొహం పెట్టుకు పోతాం?" అన్నారెవరో మెల్లిగా.

ఎదెల్మిరా గౌను అంచుకు చెయ్యి తుడుచుకుంది. నేను వేడి మిల్కావ్‌లు బుట్టలో వేసుకుని, ఆపిల్ కల్లు కూజా పట్టుకుని వెనకే నడిచాను. ఏటవాలు దారి, మోకాళ్ళ దాకా బురద. సగంలో ఆగి కంచెను పట్టుకుంది. "నా వల్ల కాదే" అంది. ఊపిరి తీసుకుని మళ్ళీ నడిచింది.

బౌదిలియో తలుపు తీసి, "లోపలికి రా ఎదెల్మిరా, కూర్చో" అన్నాడు. చెప్పుల బురద చూశాడు. పొయ్యి పక్కన బల్ల చూపించాడు. సొరబుర్రలో ఆకు దట్టించి, తీరిగ్గా నీళ్ళు పోసి ఇచ్చాడు.

ఆ కిటికీలోంచి ఒడ్డు కనిపిస్తుంది. ఇల్లూ, దాని చుట్టూ చీమల్లా జనమూ, వాళ్ళ వెనక నీళ్ళూ. నా ప్రాణం కిటికీలోనే ఉంది. ఎదెల్మిరా అటు చూడలేదు. సొరబుర్ర గొట్టం నోట పెట్టుకుని నింపాదిగా పీల్చింది.

"ఈసారి వాన ఆగేట్టు లేదు" అన్నాడు బౌదిలియో.

"లేదు. దుంపలు నేలలోనే కుళ్ళేట్టున్నాయి."

"నీలం దుంపలు నిలుస్తాయిలే."

"నిలుస్తాయి. మా అమ్మ అవే వేసేది."

ఆయన రెండోసారి నీళ్ళు పోశాడు. పొయ్యి వెచ్చదనానికి ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. ఒక్క క్షణం నిజంగానే నిద్రపోయిందనుకున్నాను. మోచేత్తో పొడుద్దామనుకునే లోపల కళ్ళు తెరిచి సొరబుర్ర ఆయన చేతికిచ్చింది.

"వేడుకోలుకొచ్చాను బౌదిలియో. నా ఇల్లు ఉయార్ పోవాలి. సాయానికి రావాలి."

"ఎవర్ని అడుగుతున్నావు? నన్నా, ఎద్దునా?"

"ఇద్దర్నీ."

"మొన్న ఈ దారినే పోయావు. అప్పుడు ఇద్దరం ఇక్కడే ఉన్నాం." ఆయన గొంతు పెంచలేదు. "చచ్చింది ఒక ఎద్దే కదా. నేను చచ్చాననుకున్నారా అందరూ?"

"జత పోయినవాణ్ణి అడిగితే నొచ్చుకుంటావనుకున్నాను."

"అడక్కపోతేనో?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. "నాకు తెలిసుండాల్సింది. నేనూ సగం కాడిదాన్నేగా. రోసమెల్ పోయిన ఏడాది నన్నూ ఎవరూ దేనికీ పిలవలేదు. పాపం అనుకున్నారు. ఆ పాపం మొయ్యలేక చచ్చాను."

బౌదిలియో సొరబుర్ర బల్ల మీద పెట్టాడు. ఒక మిల్కావ్ తీసి, మధ్యకు విరిచి, సగం ఆమెకిచ్చి సగం తిన్నాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"అది చేసింది ఇదిగో, దీన్నడుగు" అని నన్ను చూపించింది.

ఆయన లేచి గోడకున్న తోలు మోకు తీసుకున్నాడు.

ఎద్దు పరిగెత్తదు. లుసేరో తనకు తోచిన నడకనే దిగింది. మేం చేరేసరికి నీళ్ళు ముందు దుంగను దాటి వెనక దుంగను తాకాయి. కుడివైపున్న బెలిసారియో వెలపటి ఎద్దు కొత్త జతను చూసి కొమ్ము విసిరింది. బౌదిలియో రెండు తలల మధ్యా నిలబడి, కొమ్ములకు కాడి బిగిస్తూ, ఏదో చిన్నగా చెబుతూనే ఉన్నాడు, పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు చెప్పేలాగా. బెలిసారియో ములుగర్ర ఆయన చేతికిచ్చి తను పక్కకు తప్పుకున్నాడు.

మొదటి లాగుకు రాలేదు. రెండోదానికి మట్టి పెద్ద చప్పుడు చేసి దుంగను వదిలింది. ఇల్లు ఒక్కసారి ముందుకు తూలి, నీళ్ళలోకి సాగింది. ఎడ్లు పొట్టదాకా మునిగాయి. మోకులు విప్పేశారు. ఇల్లు కాసేపు ఆలోచించినట్టు నిలబడి, మెల్లిగా ఒక మూల లేచింది, తర్వాత రెండోది.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఎదెల్మిరా రాయి మీద కూర్చుంది. ఎవరో గిన్నెలో ఆలిచిప్పలు తెచ్చి చేతిలో పెడితే తినకుండా అలాగే పట్టుకుంది.

కాలువ మధ్యలో ప్రవాహం ఇంటిని పట్టుకుని తిప్పింది. ఓనోఫ్రే ఎంత తిట్టినా అది వినలేదు. గుమ్మం ముందుకీ, వంటింటి కిటికీ వెనక్కీ పెట్టుకుని ఉయార్ చేరింది. ఆటు తీశాక అక్కడివాళ్ళ ఎడ్లు ఎలా వచ్చినదాన్ని అలాగే లాగి, ఆపిల్ చెట్ల పక్కన గుంజల మీద నిలబెట్టాయి. అందరూ అలిసిపోయారు. తిప్పుదామని ఎవరూ అనలేదు. మా దీవుల్లో ఇల్లు కట్టేవాళ్ళంతా గుమ్మాన్ని సముద్రం వైపే ఉంచుతారు. ఈ ఇంటి గుమ్మం మాత్రం కొండకేసి చూస్తుంది. వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి రావాలి.

ఆ తర్వాత ఆమె శరత్కాలమంతా లాంచీలోనే గడిపింది. లాగినవాళ్ళు పిలిచినప్పుడల్లా కాలువ దాటి వచ్చేది, దుంపలు తవ్వేది, ఉన్ని ఏకేది, సాయంత్రం లాంచీ కోసం రేవులో గొంగళి కప్పుకుని కూర్చునేది. బౌదిలియో కుర్ర ఎద్దును తెచ్చి లుసేరో పక్కన కాడికి అలవాటు చేస్తున్నాడు. ఎడ్ల ముందు నడిచి దారి చూపడానికి మనిషి కావాలంటూ ఆమె దగ్గరికే వేడుకోలుకు వెళ్ళాడట. కొండ వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, కూర్చుని, వాన గురించి మాట్లాడాడట.

మొన్న నేనూ వెళ్ళాను. ఆమె గిన్నెలు కడుగుతూ ఉంది. ఎదుట కిటికీలో కాలువ, దానికవతల మా ఒడ్డు, అక్కడ ఇల్లు లేచిపోగా మిగిలిన గుంజలు. కంపెనీవాళ్ళు ఇంకా రాలేదు. గుంజల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"రోజూ అదే చూస్తావా అక్కా?" అన్నాను. "నలుగుర్ని పిలిచి ఇంటిని తిప్పించుకోరాదూ? ఒక్క పూట పని."

ఆమె చేతులు నీళ్ళలోంచి తీయలేదు.

"మళ్ళీ అడగాలి కదే" అంది.