ఈశాన్యం మూల బార్డరు

నెల్లూరులో మా అక్క అద్దెకుంటున్న వాటాను ఇంటివాళ్లు పడగొడుతున్నారు. "వచ్చి మా దగ్గరే ఉండిపో" అని ఫోన్లో పోరు పెట్టగా పెట్టగా, "నాలుగు రోజులుండి చూస్తా. నచ్చకపోతే ఇంకో వాటా చూసుకుంటా" అంది. నర్సుగా చేసి, రిటైరై, ఒంటరిగా దర్జాగా బతికిన మనిషి. ఒకరి ఇంట్లో సర్దుకోవడం ఆమెకు చేతకాదు.

ఆ వాటాలో ఆమెకు ప్రాణమైంది ఒకటే. గోడా స్లాబూ కలిసేచోట గది చుట్టూ తెల్లటి బార్డరు ఉండేది. పడుకుని దాన్ని చూస్తుంటే నిద్ర పడుతుందనేది. అల్లూరులో మా ఇంట్లో ఆమెకిచ్చే గదికేమో బోడి గోడలు. బార్డరు ఉంటే అక్క ఉండిపోతుందని నాకెందుకో గట్టిగా అనిపించింది. ప్లాస్టిక్ పట్టీలు, జిగురు కొనుక్కొచ్చాను. "మేస్త్రీని పిలవండి" అని చెప్పి మా ఆవిడ కొడవలూరులో పెళ్లికి వెళ్లింది. రొయ్యల గుంటలో గాలి కొట్టే ఏరియేటర్లు విప్పి బిగించే నాకు మేస్త్రీ ఎందుకు?

ఎందుకో మొదటి పట్టీకే తెలిసింది. నిచ్చెనెక్కి ఈ కొస అంటిస్తే ఆ కొస ఊడి నెత్తిన పడేది. తిట్టుకుంటూ పెరట్లోంచి మునక్కాయలు కోసే దోటి తెచ్చాను. దాని కొసకు పాత తువ్వాలు చుట్టి, పట్టీ కింద నిలబెట్టి, అడుగున చెక్కముక్క దూర్చాను. కదలకుండా నిలబడింది. అంత బుద్ధిమంతుడైన కూలీ ఇంతవరకూ నాకు దొరకలేదు.

పట్టీల కొసలు ఏటవాలుగా కోస్తే మూలలో రెండూ అతుక్కుంటాయి. మూడు మూలలు ఎలాగో సర్దుకున్నాయి. నాలుగోది మొండికేసింది. పైన కొసలు ఢీకొంటున్నాయి, కింద గోడ దగ్గర సందు. కోత తప్పిందనుకుని మళ్లీ కోశాను. సందు ఇంకా పెద్దదైంది. పట్టీలు అయిపోయాయి. అప్పుడు మూలమట్టం పెట్టి చూస్తే తప్పు గదిలోనే ఉంది. అది ఈశాన్యం మూల!

ఈ ఇల్లు కట్టేటప్పుడు "ఈశాన్యం పెరగాలబ్బా" అని మేస్త్రీ పక్కన నిలబడి, ముగ్గు పోసే దారాన్ని బయటికి లాగించింది మా అక్కే. వాస్తు కోసం పెంచిన మూల సరిగ్గా చదరంగా ఉండదు. ఆ సంగతే మర్చిపోయి, నాలుగు మూలలకీ ఒకటే కోత కోశాను. సందులో పుట్టీ కూరాను. ఆరాక చూస్తే మురికి ముద్ద. నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్కను ఉంచేయడానికి నేను చూపించబోయేది ఇదా అనిపించింది.

మర్నాడు అక్క ఆటో దిగింది. చేతిలో ఒక్క సంచి. గదిలోకి వచ్చి మంచం మీద వాలింది. కళ్లు బార్డరు వెంట నెమ్మదిగా తిరిగి ఆ మూల దగ్గర ఆగిపోయాయి.

"ఎవురు చేసినారురా ఇది?"

"నేనే."

"ఒక్కడివేనా?"

"ఊఁ."

"ఆ మూలేంది, కందిరీగ గూడు పెట్టినట్టుంది?"

"నువ్వు పెంచమన్న ఈశాన్యమే. దాన్నే అడుగు."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. అవి ఒట్టి నవ్వు నీళ్లు కావని నాకు తెలుసు.

"నిచ్చెన తీయబాకు" అంది లేస్తూ. "ఉప్పుకాగితం తెచ్చి ఆ గూడు నున్నగా రుద్దు. నిచ్చెన నేను పట్టుకుంటా."

"ఇప్పుడే వచ్చినావు గదా, కాఫీ తాగి..."

"తర్వాత తాగొచ్చులే. ముందు ఆ పని కానీ. అయినాక లగేజీ ఆటో మాట్లాడు, నెల్లూరు నుంచి నా బీరువా తెప్పించాల. దాన్ని నైరుతి మూలనే పెట్టాల. అక్కడ మాత్రం నువ్వు కొలవబాకు, నేను కొలుస్తా."