కింద మనిషున్నాడో లేడో

ఈ రోజు మీరు ఫోనులో ఇతరులకు పంపిన వార్తల్లో మీ కళ్లతో చూసినవి ఎన్ని? నిన్న సాయంత్రం గాలి పోర్టు వైపు నుంచి తిరిగి, తడిసిన తాడు, డీజిలు, ఉప్పు కలిసిన వాసన నా కిటికీలోకి వచ్చినప్పుడు ఈ ప్రశ్న నన్నే నిలదీసింది. ఆ వాసన నాకు సింహాచలం మేస్త్రీది. విశాఖ పోర్టులో ఆయన క్రేను నడిపేవాడు. కింద నుంచి చేతి సైగలు చేసే సిగ్నల్‌మన్‌ని నేను. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఆ గాలి వీస్తే తల పైకెత్తి ఆయన కోసం చూస్తాను.

నేను చేరిన మొదటి వారంలో నాతోపాటు మరో ముగ్గురు చేతులూపారు. ఆయన క్రేను ఆపేసి, క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి కేకేశాడు: "నలుగురు నాలుగు రకాలుగా ఊపితే నానెవుడి మాట ఇనాల్రా? సైగ ఒక్కడే సెయ్యాల. ఆపమని మాత్రం ఎవుడైనా సెప్పొచ్చు!" తన ఫోను టిఫిన్ క్యారేజీ పక్కన సంచిలో పడుకునేది. టీ వేళ ఒకసారి తీసేవాడు, మళ్లీ పడుకోబెట్టేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఆ రోజుల్లో నేను సభలెక్కి మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి. అలాంటి నాకే ఒక మధ్యాహ్నం మా మధురవాడ అపార్టుమెంటు గ్రూపులో సందేశం వచ్చింది: పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడది మూటతో తిరుగుతోందట. 'జాగ్రత్త' అని చేర్చి నాలుగు గ్రూపులకు తోసేశాను. ఆ సాయంత్రమే మా వీధి మలుపులో, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఒకామెను జనం చుట్టుముట్టారు. నుదురు పగిలింది. ఎప్పుడూ ఆమె దగ్గర గిన్నెలు తీసుకునే ఇల్లాలు అడ్డుపడబట్టి ప్రాణం దక్కింది.

మర్నాడు మేస్త్రీకి చెప్పాను.

"నువ్ సూసావేటి బావా?"

"లేదు. అందరూ పంపుతున్నారు కదా."

"అందరూ ఊపుతున్నారని బరువు దింపీసావన్నమాట. కింద మనిషున్నాడో నేడో సూడకుండా!"

డ్యూటీ దిగాక ఆయన, అడ్డుపడిన ఇల్లాలిని అడ్రసడిగి, నన్ను బండెక్కించుకుని తగరపువలసలో ఆమె ఇంటికి తీసుకెళ్లాడు. తలకు కట్టుతో గడపలో కూర్చుని ఉంది. పంపినవాళ్లలో నేనొకణ్ణని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మా ఆయన ఫోన్లోకీ వచ్చింది బాబూ," అంది. "అది ఇని, నిన్న నా పిల్లని గుమ్మం దాటనివ్వనేదు నాను."

తిరిగొచ్చాక మేస్త్రీ మా ఇంటి ముందు బండి ఆపి, "పంపిన కాడే సెప్పు," అన్నాడు. అక్కడే నిలబడి నాలుగు గ్రూపుల్లోనూ రాసి ఆయనకు చూపించాను: 'నేను చూడలేదు. అది అబద్ధం. దానివల్ల ఒకామె తల పగిలింది. అందులో నా తప్పుంది.' ఇద్దరు వెక్కిరించారు. ఒకడు మాత్రం తన సందేశాన్ని చెరిపేశాడు.

సభల్లో ఎన్ని చప్పట్లు అందుకున్నా, రాసింది చదివి ఆయన ఊపిన తల నాకు మళ్లీ దొరకలేదు. అలా తలూపే మనిషి కావాలనిపించిన ప్రతిసారీ ఆయన లేని లోటు తెలుస్తుంది. ఆయన చేయించిన ఆ పని మాత్రం నాతోనే ఉంది, తప్పు పంపినప్పుడల్లా సిగ్గుపడుతూనే చేస్తున్నాను.

మీరూ చూడకుండా పంపినవి ఉంటాయి. ఫోను తీయండి. అందులో ఒకదాన్ని వెతకండి. ఏ గ్రూపులో పంపారో ఆ గ్రూపులోనే, మీ పేరుతోనే, 'నేను చూడలేదు' అని రాయండి. రేపు కాదు, ఇప్పుడే.