అక్క పలికిన ఆమెన్

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఊరు దాటిన కాసేపటికి ఒకచోట ఎవరిదో పట్టుపురుగుల షెడ్డు వాసన ఇప్పటికీ గుప్పుమంటుంది. తడిగుడ్డ కప్పి పెట్టిన మల్బరీ ఆకు పచ్చివాసన, తట్టల కింద పోగైన పెంట వాసన, గోడలకు కొత్తగా కొట్టిన సున్నం ఘాటు అన్నీ కలిసిన ఆ గాలికి పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం కిటికీ అద్దం ఇంకాస్త వెనక్కి జరుపుతాను. మా అక్కా నేనూ పెరిగింది ఆ వాసనలోనే.

మా నాయన చిన్నప్ప పుంగనూరు పొలిమేరలో పట్టుపురుగులు పెంచేవాడు. ఆఖరిసారి పొర విడిచి లేచిన పురుగులు ఆకు మీద పడితే, ఇంట్లో పడుకున్న మాకు బయట వాన మొదలైనట్టు సన్నటి హోరు వినబడేది. అక్కకు మాత్రం వినబడేది కాదు. అక్క పేరు లూర్దమ్మ, పుట్టుకతోనే చెవిటిది, అందుకే మాట కూడా రాలేదు. కానీ ఆ వెదురు తట్ట కింద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, ఆ వానను వేళ్లతో వినేది. తర్వాత నా చేయి పట్టుకుని అక్కడే పెట్టి, వింటున్నావా అన్నట్టు నవ్వేది. మాకిద్దరికీ మాటలన్నీ చేతుల్లోనే ఉండేవి. గచ్చకాయల ఆటలో దొంగాట ఆడితే తిట్టుకునేది, క్రిస్మస్‌కు అమ్మ దాచిన నిప్పట్ల డబ్బా ఎక్కడుందో చెప్పుకునేది, గుడిలో ఫాదర్ ప్రసంగం సాగుతున్నంతసేపూ ముందు వరసలోని వాళ్ల జడల గురించి ముచ్చటించుకునేది అంతా చేతులతోనే.

వేసవి సెలవులు మొదలయ్యే ముందు, మదనపల్లెకు బిషప్ గారు వస్తున్నారని, చుట్టుపక్కల గుడుల విచారణల్లోని పిల్లలందరికీ ఒకే పూజలో నుదుట తైలం పూసే భద్రమైన అభ్యంగనం, క్రీస్తు శరీరంగా అప్పం అందించే మొదటి సత్ప్రసాదం ఇస్తారని తెలిసింది. ఆయన మా వైపు రావడం అరుదు. ఉపదేశి రాయప్ప గారు సాయంత్రాలు గుడి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు, జవాబులు వల్లె వేయించేవారు. జ్ఞానస్నానం అంటే ఏమి? అభ్యంగనంలో ఎవరిని పొందుతాము? నేను గడగడా అప్పజెప్పేదాన్ని. అక్క నా పక్కనే కూర్చుని అందరి పెదవులూ చూసేది. ఒకరోజు రాయప్ప గారు మా ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని, తువ్వాలు మడతపెడుతూ విప్పుతూ చాలాసేపటికి విషయం చెప్పారు.

"చిన్నదాన్ని పంపించండమ్మా. పెద్దదానికి ఈ తూరి వద్దు. నోటితో ఒప్పుకోవల్ల గదా? దానికి ఏం తెలుస్తాండాదో మనకెట్ల తెలిసేది?"

ఆయన చెడ్డవాడు కాదు. తెలియక పుచ్చుకుంటే తప్పవుతుందని నిజంగానే భయపడ్డారు. నాయన లేచి ఆకు కోయడానికి తోటలోకి వెళ్లిపోయాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. అక్కకు ఎవరూ చెప్పలేదు, కానీ అప్పటికే నాకోసం కుట్టించిన తెల్ల గౌను ఒక్కటే దండెం మీద వేలాడడం చూసి అన్నీ అర్థం చేసుకుంది. ఆ రోజంతా నాతో చేయి కదపలేదు.

కబురు కుప్పం చేరింది. అక్కడ మా అమ్మను కన్న అవ్వ ఉండేది. మాటల్లో సగం తెలుగు, సగం తమిళం దొర్లించే మనిషి, అందరినీ 'కణ్ణు', అంటే కన్నా, అని పిలిచేది. మరుసటి బస్సుకే గుడ్డసంచీతో దిగింది. సంచీలో వేయించిన శనక్కాయలు, బెల్లం, ఊరుబిండి. కాళ్లు కడుక్కోకముందే అమ్మను అడిగింది.

"యాల ఏడుస్తాండావు? దానికి నోరు లేకుంటే దేవునికి కండ్లు లేవా? నేను నేర్పిస్తా సూడు."

ముందు అక్కనూ నన్నూ కుప్పం తీసుకుపోయింది. ఆదివారం అక్కడి గుడిలో ఒక పసిబిడ్డకు జ్ఞానస్నానం జరుగుతుంటే అక్కను ముందుకు తోసి నిలబెట్టింది. ఫాదర్ బిడ్డ తల మీద నీళ్లు పోశారు, బిడ్డ కెవ్వుమంది, తల్లి తుడిచి తెల్లగుడ్డ చుట్టింది. అవ్వ అక్క భుజం తట్టి, ఆ బిడ్డను చూపించి, రాతి తొట్టిని చూపించి, అక్క గుండె మీద వేలు పెట్టింది. నువ్వు పుట్టినప్పుడు కూడా ఇక్కడే, ఇట్లాగే. అక్క నమ్మలేనట్టు చూసింది. జనం వెళ్లిపోయాక తొట్టి దగ్గరికి వెళ్లి, రాతి అంచును చుట్టూ తడిమి, నీళ్లలో చేయి ముంచి నెత్తిన రాసుకుంది. తనకు తెలియనప్పుడే తనను ఒక ఇంట్లోకి పిలిచారని అక్కకు ఆ రోజే తెలిసింది. నేను మాత్రం జవాబు కంఠస్థం చేశానే గానీ, అంతవరకూ దాన్ని చూసి ఎరగను.

పుంగనూరు తిరిగొచ్చాక, అభ్యంగనం చెప్పడానికి అవ్వ అక్క తలకు నువ్వులనూనె మర్దన చేసి, నుదుట సిలువ గీసి, పిడికిలి బిగించి ఛాతీ మీద కొట్టుకుని చూపించింది. బలం. వెరవకుండా నిలబడే బలం. సత్ప్రసాదం దగ్గరకొచ్చేసరికి అవ్వకే చిక్కొచ్చింది. సంగటి ముద్ద తుంచి అందరికీ పంచింది, గోడ మీది సిలువను చూపించింది. ముద్ద సరే, సిలువ సరే, ఆ రెంటికీ పొత్తు ఏమిటని అక్క చేతులతో అడిగింది. అవ్వ మళ్లీ మళ్లీ చూపించి అలసిపోయింది.

అప్పుడే మా షెడ్డులో పురుగులు గూళ్లు కట్టడానికి వచ్చాయి. తిండి మానేసి, తల ఎత్తి అటూ ఇటూ ఊపుతూ, నోటినుంచి దారం తీస్తూ, చుట్టూ కట్టుకుంటూ కనబడకుండా పోయే ఆ పురుగుల ముందు అక్క గంటలకొద్దీ కూర్చునేది. గూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీయడం నాయనతో మదనపల్లె వెళ్లినప్పుడు చూసింది, లోపలి ప్రాణం పోతేనే పట్టు వస్తుందని ఎరుగును. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి, అవ్వ చేయి పట్టి లాక్కొచ్చి, గూడును చూపించింది, సిలువను చూపించింది. తర్వాత తన రొమ్ములోంచి దారం తీస్తున్నట్టు వేళ్లు కదిలించి, తీసి తీసి, ఆ దారాన్నంతా అవ్వ ఒంటికి చుట్టి, చివరికి అవ్వ నోటికి ముద్దలా అందించింది. అవ్వ నిలబడ్డచోటే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది.

"నా కణ్ణు, నాకే తెలిసిండ్లేదే ఇది!"

మా గుడి ఫాదర్, విచారణ గురువు దగ్గరికి అవ్వే అక్కను తీసుకుని వెళ్లింది. ఆయన అక్క చేతులను శ్రద్ధగా చూసి, "తీసుకోని రాండమ్మా. బిషప్ గారినే అడగనీ" అన్నారు. అమ్మ తన పెళ్లినాటి తెల్లచీర కోసి అక్కకు గౌను కుట్టింది.

ఆ ఉదయం మదనపల్లె రోడ్డంతా టమాటా లారీలే. మా బస్సు వాటి వెనకాల పాకుతూ పోయింది, గౌన్లు నలగకుండా మేమిద్దరం నిలబడే వెళ్లాం. పెంకుల కప్పు గుడి నిండి, జనం కిటికీల బయట కూడా నిలబడ్డారు. మల్లెలు, సాంబ్రాణి, కొత్తబట్టల గంజి వాసన. బిషప్ గారు ముసలాయన, చేతికర్ర ఊతగా పిల్లల వరస వెంబడి నడుస్తూ, ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడుగుతూ వచ్చారు. నా జవాబు నేను చెప్పేశాను. అక్క ముందు ఆగి, "జ్ఞానస్నానం అంటే ఏమమ్మా?" అన్నారు. రాయప్ప గారు గాభరాగా లేచారు. అంతకు ముందే అవ్వ లేచి, చేతులతో ఆ ప్రశ్నను అక్కకు అందించింది.

అక్క ఒక అడుగు ముందుకు వేసింది. నెత్తిన నీళ్లు పోసుకుంది, రెండు చేతులతో పసిబిడ్డను ఊపింది, పైకి చూపింది, తర్వాత చేయి చాచి గుడిలో ఉన్న వాళ్లందరినీ ఒక్క చుట్టులో కలుపుకుని తన గుండెకు తెచ్చుకుంది. అడగకుండానే నుదుట నూనె రాసుకుని పిడికిలి బిగించి నిలబడింది. ఆ తర్వాత రొమ్ములోంచి దారం తీయడం మొదలుపెట్టింది. అవ్వ ఒక్కొక్కటీ అందరికీ మాటల్లో చెబుతూ పోయింది. బయట కిటికీల దగ్గరి జనం తలలు లోపలికి చాపి చూశారు.

బిషప్ గారు కర్రను పక్కనున్న ఫాదర్‌కు ఇచ్చేశారు. తన ముసలి వేళ్లతో ఆ దారం తీయడాన్ని అక్కలాగే చేసి చూపించి, సరేనా అన్నట్టు తల ఊపారు. అక్క పకపకా నవ్వింది. అభ్యంగనం వేళ ఆయన తైలంతో నుదుట సిలువ గీయగానే, మేమెవరమూ నేర్పనిది, మేమెవరమూ అంతకుముందు విననిది జరిగింది. అక్క నోరు తెరిచి, ఇన్నాళ్లూ అందరి పెదవుల మీద చూసిన 'ఆమెన్' అంది. అక్షరాలు సరిగా లేవు, స్వరానికి అదుపు లేదు, కానీ ఆ గొంతు పెంకుల దాకా లేచి గుడంతా మోగింది. జనం చప్పట్లు కొట్టారు. బయట పలక డప్పులు మోగాయి. సత్ప్రసాదం నాలుక మీద పెట్టుకుని తిరిగొస్తున్న అక్క ముఖం చూసి, నాయన తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పూజ అయ్యాక రాయప్ప గారు అక్క రెండు చేతులూ కళ్లకద్దుకుని, "నాకు నేర్పిస్తావా తల్లీ?" అన్నారు. నిజంగానే నేర్చుకున్నారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో పుంగనూరు పిల్లలందరూ జవాబులు నోటితోనూ చేతులతోనూ చెప్పేవారు.

ఇప్పుడు ఆ పెంకుల గుడి లేదు, స్లాబు గుడి వచ్చింది. మా షెడ్డు ఉన్నచోట ఎవరివో టమాటా తోటలున్నాయి. రాయప్ప గారు లేరు. అవ్వ కుప్పం సమాధుల తోటలో నిద్రపోతోంది. వరండాలో చాప పరిచి వల్లె వేయించే సాయంత్రాలు పోయాయి, పిల్లలు ఫోన్లలో చదువుకుంటున్నారు.

మొన్న నా కూతురు తన బిడ్డ జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా పెద్దమ్మే నిలబడాలని పట్టుబట్టింది. ఆ స్థానానికి అభ్యంగనమూ సత్ప్రసాదమూ పొందిన మనిషి కావాలి. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్‌కు అక్క సంగతి చెప్పబోయి, ఏమంటాడోనని తటపటాయించాను. నా కూతురు ముందే చెప్పేసిందట. "పెద్దమ్మ గారు నా పెదవులు కనబడేటట్టు నిలబడితే సాలు కదమ్మా?" అని ఆయనే కుర్చీలు జరిపాడు. దీనికి ఏం తెలుసు అని అడిగేవాళ్లు కూడా లేకుండా పోయారు. "విశ్వసిస్తున్నారా?" అని ఆయన అడిగినప్పుడు, చేతులతో అందిద్దామని నేను ముందుకు వంగాను. అక్క నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, బిడ్డను ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో తన జవాబు తనే చెప్పింది.