మా తాలూకే

ఐనవిల్లి దగ్గర బస్సు దిగి, నడిచి గోదారి గట్టుకి వెళ్ళే దారెటని అడిగితే, నాతోపాటే దిగిన పెద్దావిడ "నా కూడా రండి, నేనూ అటే" అన్నారు.

తీరా చూస్తే ఆవిడ దారి రోడ్డు కాదు, జనం పెరళ్ళు! కొబ్బరితోటలోంచి ఒకరి వాకిట్లోకి, అక్కణ్ణించి ఇంకొకరి పశువులపాక పక్కకి. నాకేమో మహా మొహమాటం.

"ఎప్పణ్ణించో నడిచే దారండి. కంచె కట్టినా మనిషి పట్టేంత సందు వదుల్తారు" అన్నారావిడ.

ప్రతి వాకిట్లోనూ ఎవరో ఒకరు నన్ను ఎగాదిగా చూసి అదే ప్రశ్న. "ఈయనెవరి తాలూకండీ?"

"మా తాలూకేనండీ" అనేసి ఆవిడ నడిచిపోయేవారు. అంతే, మొహాలు విచ్చుకునేవి. ఒకచోట బొండం కొట్టిచ్చేరు. ఇంకోచోట భోంచేసి వెళ్ళమని పట్టుబట్టేరు. ఒక ముసలాయనైతే, నా ముక్కు అచ్చం ఆవిడ నాన్నగారి ముక్కేనని తేల్చేసేరు. ఆవిడ కాదన్లేదు.

గట్టెక్కేసరికి ఎదురుగా గోదారి, ఎండలో తళతళలాడుతూ. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని అప్పుడు తిరిగేరు నావైపు.

"ఇంతకీ తమరెవరి తాలూకండీ?"

"మీ తాలూకేనండీ" అన్నాను.

"ఆయ్" అన్నారావిడ, ఏమాత్రం తడుముకోకుండా.