బర్రెను పైకి తెచ్చిన సినిమా డప్పులు

మొన్న ఆదివారం పటాన్‌చెరులో మా పెద్దమ్మకు ఓ సినిమా చూపించాను. సొరంగంలో చిక్కుకున్న కూలీలు ప్రాణాలతో బయటపడిన నిజ కథ అది. దాని సంగీతం ఈ రోజు పెద్దమ్మ వాళ్ల ఊరు లక్డారంలో పనికొచ్చింది.

పొద్దున పెద్దమ్మ బర్రె నీళ్లు లేని పాత బావిలోకి జారిపోయింది. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగొచ్చినవాళ్లతో కలిపి పన్నెండు మందిమి తాళ్లు కట్టి, మట్టి కూలి వాలుగా మారిన వైపు నుంచి గుంజాం. ఎవరికి తోచినట్టు వాళ్లు గుంజుతుంటే అది కదల్లేదు. అందరి బలం ఒక్కసారే పడాలని ఫోన్‌లో ఆ సినిమా పాట పెట్టాను. తొందరలో, కూలీలు ఆశ వదులుకున్నప్పటి వేణువు మొదలైంది. అందరి చేతులూ సడలిపోయాయి.

“ఏందిరా గా ఏడుపు పాట? నా బర్రె ఇంకా బతికే ఉన్నది! ఆఖర్ల మనుషులను పైకి తెచ్చేటప్పటి డప్పులు పెట్టు, జల్దీ!” అని పెద్దమ్మ కసిరింది.

పెట్టాను. దెబ్బ దెబ్బకూ ఒక గుంజు గుంజాం. పాట మూడోసారి తిరిగేసరికి బర్రె ఒడ్డున నిలబడి పెద్దమ్మ కొంగు నములుతోంది.

ఆ డప్పులు ఉత్త గోల అని రివ్యూలు రాసినవాళ్లను ఒకటే అడుగుతున్నాను. నాలుగు క్వింటాళ్లు లేపిన పాట ఇంకోటి ఉంటే చెప్పండి.